నడుముకు ఓజోన్ ఇంజక్షన్ సరే... షుగర్‌కు కూడానా?

ప్రశ్న: నా వయసు 54. పన్నెండేళ్లుగా షుగర్ ఉంది, మాత్రలు వాడుతున్నాను. నాలుగు నెలలుగా నడుం నొప్పి, కుడి కాలు పిక్క దాకా లాగుతోంది. ఎంఆర్ఐ తీస్తే నడుములో ఎల్4-ఎల్5 వెన్నుపూసల మధ్య డిస్కు జారిందన్నారు. ఆపరేషన్ అంటే భయం. ఒక క్లినిక్‌లో డిస్కులోకి ఓజోన్ ఇంజక్షన్ ఇస్తామన్నారు. దాంతోపాటు రక్తాన్ని ఓజోన్‌తో శుద్ధి చేసే పది సిట్టింగులు తీసుకుంటే షుగర్ కూడా తగ్గిపోయి మాత్రలు మానేయొచ్చని అంటున్నారు. చేయించుకోమంటారా?
– ఒక పాఠకుడు

డాక్టర్ సలహా: ఆ క్లినిక్ వాళ్లు రెండు వేర్వేరు చికిత్సలను కలిపి మీకు ఒక ప్యాకేజీగా చూపిస్తున్నారు. డిస్కు ఇంజక్షన్ గురించి ఆలోచించవచ్చు. రక్తశుద్ధి మాత్రం వద్దు.

ముందు డిస్కు సంగతి. డిస్కు మధ్యలో ఉండే మెత్తటి గుజ్జు నీటిని పట్టి ఉంచుకుంటుంది. అది వెనక్కి జారి నరాన్ని నొక్కితే కాలు లాగుతుంది. ఆక్సిజన్‌లో కొద్ది శాతం ఓజోన్ కలిపిన వాయువును కొన్ని మిల్లీలీటర్లు డిస్కులోకి ఎక్కిస్తే, నీటిని పట్టి ఉంచే పదార్థం దెబ్బతిని గుజ్జు కాస్త కుంచించుకుపోతుంది. నరం మీద ఒత్తిడి తగ్గుతుంది. నరం చుట్టూ ఉన్న వాపు కూడా తగ్గుతుందని భావిస్తున్నారు. ఇటలీ, స్పెయిన్‌లలో ఈ పద్ధతి చాలా ఏళ్లుగా వాడుకలో ఉంది. 2022లో వెలువడిన ఒక చిన్న ట్రయల్‌లో కాలు నొప్పి తగ్గించడంలో ఇది ఆపరేషన్‌కు తీసిపోలేదని తేలింది. అయితే ఓజోన్ తీసుకున్నవారిలో కొందరికి తర్వాత ఆపరేషన్ తప్పలేదు.

మీలాంటివారికి ఇందులో ఒక సౌలభ్యం ఉంది. నడుం నొప్పికి మామూలుగా ఇచ్చే స్టెరాయిడ్ ఇంజక్షన్‌తో షుగర్ కొన్ని రోజులపాటు బాగా పెరుగుతుంది. ఓజోన్‌తో ఆ గొడవ లేదు. కానీ సూది డిస్కులోకి వెళ్తుంది కాబట్టి అక్కడ ఇన్ఫెక్షన్ వచ్చే ప్రమాదం కొంత ఉంటుంది. షుగర్ ఉన్నవాళ్లకు ఆ భయం ఇంకాస్త ఎక్కువ, ఒకసారి వచ్చిందంటే వారాల తరబడి యాంటీబయాటిక్స్ వాడాలి. చాలా అరుదుగానే అయినా, ఇంజక్షన్ తర్వాత పక్షవాతం వచ్చిన కేసులు కూడా వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. అందుకే ఇది కన్సల్టేషన్ గదిలో బల్ల మీద పడుకోబెట్టి చేసే పని కాదు. ఆపరేషన్ థియేటర్‌లో, సూది ఎక్కడుందో సీ-ఆర్మ్ ఎక్స్‌రేలోనో సీటీలోనో చూసుకుంటూ, వెన్నెముక ఇంజక్షన్లలో అనుభవం ఉన్న డాక్టరే చేయాలి. డిస్కు ముక్క పూర్తిగా విడిపోయి ఉంటే ఓజోన్ పెద్దగా పనిచేయదు. మీ ఎంఆర్ఐ ఫిల్మును ఆ క్లినిక్‌తో సంబంధం లేని వెన్నెముక సర్జన్‌కు ఒకసారి చూపించండి. సర్జన్ దగ్గరికి వెళ్తే ఆపరేషన్ చేసేస్తారేమోనని టెన్షన్ పడకండి, చూపించినంత మాత్రాన చేయించుకోవాలని లేదు. జారిన డిస్కు నొప్పి చాలామందిలో ఆరు నుంచి పన్నెండు వారాల్లో దానంతటదే తగ్గుముఖం పడుతుంది. మీకు నాలుగు నెలలు దాటింది కాబట్టి ఫిజియోథెరపీ సరిగా చేశారా, నరాల నొప్పి మందులు వాడారా అన్నది చూసుకుని, తర్వాతే ఇంజక్షన్ మాట.

ఇక రక్తశుద్ధి. మీ రక్తం 100 నుంచి 200 మిల్లీలీటర్లు ఒక సంచిలోకి తీసి, ఓజోన్ కలిపి, తిరిగి ఎక్కిస్తారు. ముదురు రంగులో ఉన్న రక్తం కళ్ల ముందే ఎర్రగా మెరిసిపోతుంది. 'చూశారా, ఎంత శుభ్రపడిందో' అంటారు. సిర నుంచి తీసిన ఏ రక్తమైనా ఆక్సిజన్ తగిలితే అలాగే ఎర్రబడుతుంది. మీ ఊపిరితిత్తులు ప్రతి శ్వాసకూ చేస్తున్నది ఆ పనే, అదీ ఉచితంగా! ఓజోన్ ఒక చిన్న ఒత్తిడిని కలిగించి శరీరంలోని రక్షణ వ్యవస్థను మేల్కొలుపుతుందన్నది దీని వెనకున్న వాదన. ప్రయోగశాలలో దానికి కొంత ఆధారం ఉంది. దాన్ని నమ్ముకుని షుగర్ మాత్రలు మానేయమనేంత ఆధారం మాత్రం లేదు. షుగర్ వల్ల పాదాలకు పడే పుండ్లకు ఓజోన్ వాడకాన్ని 2015లో, వైద్య పరిశోధనలను బేరీజు వేసే కోక్రేన్ సంస్థ సమీక్షించింది. దొరికినవి మూడే ట్రయల్స్, అన్నీ కలిపి 212 మంది. పుండు మానడంలో సాయపడుతుందని గట్టిగా చెప్పలేమని తేల్చింది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ నిబంధనలైతే ఓజోన్‌ను వైద్య ప్రయోజనం నిరూపణ కాని విషవాయువుగానే పేర్కొంటాయి. డిస్కు విషయంలో నాకు ఆ మాట కాస్త కటువుగానే అనిపిస్తుంది, రక్తశుద్ధి ప్రకటనలు చూసినప్పుడు మాత్రం సబబేననిపిస్తుంది.

నష్టాలు కూడా చిన్నవి కావు. పరికరాలు ఒకరివి ఒకరికి వాడితే హెపటైటిస్ లాంటివి అంటుకోవచ్చు. జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం పుట్టుకతోనే ఉన్నవారిలో ఓజోన్‌తో ఎర్రరక్తకణాలు పగిలిపోతాయి. చాలామందికి ఆ లోపం ఉన్నట్టే తెలియదు. ఓజోన్ ఏ రూపంలో తీసుకున్నా ముందు జీ6పీడీ రక్తపరీక్ష చేయించుకోవాలి, మీ డిస్కు ఇంజక్షన్‌కైనా సరే. థైరాయిడ్ ఎక్కువై అదుపులో లేనివారు, గర్భిణులు, రక్తస్రావ సమస్య ఉన్నవారు దీని జోలికి వెళ్లకూడదు. వాయువును నేరుగా సిరలోకి ఎక్కిస్తామని ఎవరైనా అంటే అక్కడినుంచి లేచి వచ్చేయండి. బుడగలు గుండెకో మెదడుకో చేరి ప్రాణం పోవచ్చు. 2010 మాడ్రిడ్ ప్రకటనలో ఓజోన్ చికిత్స చేసే వైద్యులే ఆ పద్ధతి వద్దన్నారు. ఓజోన్‌ను పీల్చడమూ ప్రమాదమే, ఊపిరితిత్తులు దెబ్బతింటాయి.

ఇంజక్షన్‌కు సిద్ధపడితే ముందు మూడు నెలల సగటు షుగర్‌ను చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయించుకుని షుగర్‌ను అదుపులోకి తెచ్చుకోండి. రక్తం పలుచబడే మందులు వాడుతుంటే డాక్టర్‌కు చెప్పండి. షుగర్ మాత్రలు ఎవరు చెప్పినా ఆపొద్దు, వాటిని తగ్గించాలో లేదో చెప్పాల్సింది మీ షుగర్ డాక్టరే. ఈలోగా పాదం పైకి లేవకపోయినా, మలమూత్రాల మీద పట్టు తప్పినా, కూర్చునే చోట స్పర్శ తెలియకపోయినా ఓజోన్ గురించి ఆలోచిస్తూ కూర్చోకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి.