సింగాడా పిండి రొట్టె విరిగిపోతోందా?
ఉపవాసానికి సింగాడా పిండితో (చెరువుల్లో పెరిగే సింగాడా కాయలను ఎండబెట్టి ఆడించిన పిండి) చేసిన రొట్టె పెనం మీదే ముక్కలవుతోందని, షుగర్ ఉన్న మీ అత్తగారికి పెట్టవచ్చా అని అడిగారు కదండీ. తప్పు మీది కాదు. ఆ పిండిలో గ్లూటెన్ (గోధుమపిండికి సాగే గుణం ఇచ్చే ప్రోటీన్) ఉండదు, అందుకే సాగదు.

కప్పు పిండికి ఒక ఉడికిన ఆలుగడ్డను పలుకులు లేకుండా మెదిపి, సైంధవ లవణం, జీలకర్ర వేసి, వేడినీళ్లు కొద్దికొద్దిగా చిలకరిస్తూ కలపండి. ముద్దను నొక్కితే అంచులు పగలకూడదు. పగిలితే ఇంకో చెంచా నీళ్లు. కర్రతో ఒత్తొద్దు. నూనె రాసిన కవర్ మీద చేత్తో చిన్నగా తట్టి, అరచేతిలోకి బోర్లించుకుని పెనం మీద వేయండి. అడుగు గట్టిపడేదాకా అట్లకాడ తగలనివ్వొద్దు, అక్కడే చాలామంది తొందరపడతారు.

ఇక షుగర్ సంగతి. ‘ఉపవాసం పిండి’ అన్నంత మాత్రాన తేలిక అనుకోకండి, అందులో ఎక్కువ భాగం స్టార్చే. అన్నం మానేసి దాని బదులు ఒక చిన్న రొట్టె పెట్టి, రెండు గంటలకు మీటర్‌తో చూడండి. మాత్రలు వాడుతుంటే ఉపవాసం గురించే ముందు డాక్టర్‌ని అడగాలి.

చలికాలంలో తాజా సింగాడా కాయలు దొరికితే తొక్కతోనే ఉడికించండి. పచ్చివాటిని మాత్రం పళ్లతో ఒలవొద్దు, చెరువు నీటి నుంచి తొక్కకు అంటుకున్న పరాన్నజీవులు పేగుల్లోకి చేరవచ్చు.