మొదటి సందు దాటేదాకానే

ప్రశ్న: మాది పలమనేరు దగ్గర పల్లె. తిరుపతిలో బీటెక్ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఐదు నెలల కిందట సెమినార్‌లో బోర్డు దగ్గర నిలబడి "కరెంటు ఇట్లా పోతా ఉండాది" అన్నాను. వెనక బెంచీలు గొల్లుమన్నాయి. హాస్టల్లో ఇద్దరు ముగ్గురు ఇప్పటికీ ఆ మాట అని ఏడిపిస్తారు. అప్పటి నుంచి క్లాసులో నోరు తెరవడం లేదు. మెస్‌కు అందరూ తినేసి పోయాక వెళ్తాను. పోయిన నెల ల్యాబ్ వైవాకు భయపడి రూములోనే ఉండిపోయాను. ఇంట్లో చెప్పలేదు. ఎక్కడికి పోయినా నలుగురూ నన్నే చూస్తున్నట్టుంటుంది. కాలేజీ మారిపోదామా అనిపిస్తోంది.

జవాబు: నాయనా, వాళ్లు నవ్వలేదు, అంతా నీ భ్రమ అని నేను చెప్పను. నవ్వారు. నీకు బాధ కలిగింది. కానీ ఆ నవ్వు అర నిమిషం ఉండి ఉంటుంది. చల్లారిన సాంబారు, పోయిన వైవా మార్కులు మాత్రం వాళ్లు చేసినవి కావు.

నలుగురూ నన్నే చూస్తున్నారన్నావు కదా. కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన థామస్ గిలోవిచ్, ఆయన సహచరులు 2000లో ఒక ప్రయోగం వివరాలు ప్రచురించారు. ఆ వయసువాళ్లు వేసుకోవడానికి నామోషీ పడే ఒక గాయకుడి బొమ్మ ఉన్న టీషర్టు విద్యార్థికి తొడిగి, తోటి విద్యార్థులు కూర్చున్న గదిలోకి పంపారు. దాదాపు సగం మంది బొమ్మను గుర్తుపట్టి ఉంటారని అది వేసుకున్నవాళ్లు లెక్కేసుకున్నారు. తీరా అడిగితే గుర్తుపట్టింది నలుగురిలో ఒకరు. ఆ మిగతా ముగ్గురూ ఏం చేస్తుంటారంటావా? నీలాగే తమ గురించి తాము దిగులుపడుతుంటారు.

యాస గురించి ఒక్క మాట. ఒక పక్క తమిళం, ఇంకో పక్క కన్నడం, మధ్యలో మన తెలుగు. పలమనేరు పిల్లవాడికి మూడు భాషలూ అంతో ఇంతో చెవిన పడి ఉంటాయి. 'ఉండాది' తప్పు కాదు, మీ అమ్మ మాట. దాన్ని దిద్దుకునే పని పెట్టుకోవద్దు. ప్లేస్‌మెంట్లకు ఇంగ్లీషు కావాలంటే అది వేరే పని. రోజూ అరగంట కూర్చుని నేర్చుకోవచ్చు, దానికి సిగ్గుతో సంబంధం లేదు.

ఇక అసలు సంగతి. తిరుపతిలో మే నెలలో గంగమ్మ జాతర చూసే ఉంటావు. మీసాలున్న మగవాళ్లు చీర కట్టి, పూలు పెట్టుకుని, నగలు వేసుకుని నడివీధిలో నడుస్తారు. మిగతా రోజుల్లో చొక్కా మడత నలిగితే బాధపడే మనుషులే! మొదటిసారి ఆడవేషం వేసిన మా వీధి కుర్రాణ్ణి "సిగ్గేయలేదా?" అని అడిగాను. "మా సందు దాటేదాకా చచ్చేంత సిగ్గక్కా, ఆ తర్వాత మరిచేపోయినా" అన్నాడు. నీ భయం కూడా ఇలాంటిదే. అది పెరుగుతుంది, కాసేపు ఉంటుంది, తగ్గుతుంది. కానీ నువ్వు ప్రతిసారీ సందు మధ్యలోనే వెనక్కి తిరిగి రూముకు పోతున్నావు. పోగానే ప్రాణం హాయిగా ఉంటుంది, అందుకే రేపూ అదే చేస్తావు. తగ్గేదాకా భయాన్ని నువ్వు ఒక్కసారి కూడా చూడలేదు.

అందుకని రేపే సెమినార్ ఇవ్వమనను. మెస్‌కు అందరూ తినే వేళకే వెళ్లు. ఫోను జేబులోనే ఉంచు. తలకాయ వంచుకుని ఫోను చూసేవాడికి ఎదుటివాళ్లు ఏం చేస్తున్నారో తెలియదు, అందుకే నవ్వుతున్నారనే అనుకుంటాడు. పోయే ముందు ఒక నోటు పుస్తకంలో 'ఏమవుతుందని అనుకుంటున్నాను' అని రాయి. వచ్చాక ఏమైందో దాని కిందే రాయి. అలా ఒక వారం మెస్సు. ఆ తర్వాత క్లాసు అయిపోయాక ఒక లెక్చరర్‌ను ఒక్క డౌటు అడుగు. అది అలవాటయ్యాక క్లాసులోనే అడుగు. గుండె దడదడలాడుతుంది, ఆడనీ.

ఏడిపించే ఆ ముగ్గురిలో కాస్త మంచివాడు ఒకడుంటాడు. వాడు ఒంటరిగా ఉన్నప్పుడు "రేయ్, ఆ మాట ఇంక వద్దురా, నాకు కష్టంగా ఉంది" అని చెప్పు. అందరి ముందూ కోప్పడితే అది వాళ్లకు ఇంకో తమాషా అవుతుంది.

పరీక్ష మానుకునేంత దూరం వచ్చావు గనక ఇది ఉత్త మొహమాటం కాకపోవచ్చు. ఇలాంటి భయానికి మాటలతో చేసే వైద్యం ఉంది, బాగా పనిచేస్తుంది. ముందు ఏ డాక్టరుకైనా చూపించుకో. తిరుపతి రుయా ప్రభుత్వాసుపత్రిలో మానసిక వైద్యం ఓపీకి పోతే మా ఊరోళ్లెవరైనా చూస్తారేమో అని వెంటనే అనుకుంటావు, నాకు తెలుసు. సరే, ఫోనుతో మొదలుపెట్టు. టెలీ మానస్ 14416 ప్రభుత్వ సేవ, ఉచితం. తెలుగులోనే మాట్లాడతారు.

కాలేజీ మారడం వద్దు. అక్కడా సెమినార్లుంటాయి, మెస్సూ ఉంటుంది.

వైవా సంగతి మీ నాయనకు తెలియాలి. ఈ ఆదివారం పలమనేరు బస్సెక్కు. ఇంట్లో అందరూ కూర్చున్నప్పుడు కాదు, నాయన ఒక్కడే ఉన్నప్పుడు చెప్పు. కోప్పడతాడు. ఒక పూట మాట్లాడకపోవచ్చు కూడా. సోమవారం కాలేజీకి పోయి వైవా మళ్లీ పెట్టే వీలుందేమో హెచ్‌ఓడీని అడుగు. ఆయన ముందు 'ఉండాది' అని నోరు జారినా ఫరవాలేదు.