పియానో తేల్చేస్తుంది, ఊద్ తేల్చనంటుంది

ప్రశ్న: సార్, నేను పెళ్లిళ్లకి, ఈవెంట్లకి కీబోర్డ్ వాయిస్తా. చిన్నప్పుడు వయొలిన్ వర్ణాల దాకా నేర్చుకున్నా. ఈమధ్య అరబిక్ జాజ్ తెగ వింటున్నా, కానీ నేను ట్రై చేస్తే మాత్రం సినిమాలో ఒంటెల సీన్‌కి వేసే మ్యూజిక్‌లా వస్తోంది. ఎక్కడ తేడా కొడుతోంది?
— కీబోర్డ్ ప్లేయర్, వరంగల్

జవాబు: నువ్వు హిజాజ్ అనే మఖామ్ (అరబ్బుల రాగం అనుకో) వాయిస్తున్నావ్ తమ్ముడూ, పందెం. అందరూ ముందు దాన్నే పట్టుకుంటారు, ఎందుకంటే ఆ స్వరాలన్నీ కీబోర్డ్ మీద దొరికిపోతాయి, శుద్ధ రిషభం నుంచి అంతర గాంధారానికి ఆ గెంతు ఒకటి వేస్తే చాలు ఒంటెలు వచ్చేస్తాయి. స్వరాల వరకు చూస్తే హిజాజ్ మన వకుళాభరణమే, హిజాజ్ కార్ అయితే నువ్వు సరళీ వరసలు పాడుకున్న మాయామాళవగౌళ.

కానీ అరబ్ చెవి పెరిగింది రాస్త్, బయాతీ అనే మఖామ్‌ల మీద. రాస్త్‌లో గాంధారం మన సాధారణ గాంధారానికీ అంతర గాంధారానికీ మధ్యలో ఉంటుంది, కీబోర్డ్ మీద ఆ చోట మీటే లేదు. అసలు గొడవ ఇక్కడే. జాజ్ పియానిస్ట్ కార్డ్ వేయగానే అది మేజరా మైనరా అని తేల్చేస్తాడు, తేల్చేది ఆ గాంధారమే, ఊద్ (మెట్లు లేని అరబ్ తీగ వాయిద్యం) వాయించేవాడేమో తేల్చనంటాడు. ఎవరో ఒకరు తగ్గాలి. నాకైతే పియానో తగ్గిన రికార్డులే నిలబడ్డాయనిపిస్తుంది, ఊద్ తగ్గినవి హోటల్ లాబీలో వినిపిస్తుంటాయి.

1958లో జాజ్ సహారా ఆల్బమ్ చేసిన అహ్మద్ అబ్దుల్ మాలిక్‌ని చూడు, బ్రూక్లిన్‌లో పుట్టినవాడు, జాజ్ పియానిస్ట్ థెలోనియస్ మంక్ దగ్గర బేస్ వాయించినవాడు. డబుల్ బేస్‌కి మెట్లు లేవు, ఊద్‌కీ లేవు, కాబట్టి ఆ మధ్య స్వరం రెండిట్లోనూ పలుకుతుంది. ట్యునీషియా ఊద్ విద్వాంసుడు అన్వర్ బ్రాహెమ్ 1998 ఆల్బమ్ థిమార్‌లో ఊద్, బేస్, జాన్ సర్మన్ సాక్సోఫోన్, బేస్ క్లారినెట్, అంతే, పియానో లేదు డ్రమ్స్ లేవు. బేరూత్‌లో పుట్టిన ట్రంపెట్ వాద్యకారుడు ఇబ్రహీం మాలూఫ్‌ది ఇంకో దారి, వాళ్ల నాన్న ట్రంపెట్‌కి నాలుగో వాల్వ్ పెట్టించాడు, దాంతో పావు స్వరాలు, అంటే ఆ మధ్య స్వరాలు, నేరుగా వస్తాయి.

మరి పియానిస్టులకి దారే లేదా అంటే ర్యాండీ వెస్టన్ ఉన్నాడు. 1967లో మొరాకో వెళ్లి కొన్నేళ్లు అక్కడే ఉండిపోయాడు, గ్నావా అనే అక్కడి సంప్రదాయ సంగీతం వాయించేవాళ్లతో కలిసి వాయించాడు. గ్నావా ఎక్కువగా ఐదు స్వరాల సంగీతం, ఈ మధ్య స్వరాల పేచీ పెద్దగా రాదు, గెంబ్రీ అనే మూడు తీగల వాయిద్యం ఎలాగూ బేస్ లైన్‌లాగే నడుస్తుంది, కాబట్టి అక్కడ జాజ్ చాలా సులువుగా కలిసిపోయింది.

ఇంకోటి, నువ్వు సోలో కూడా తప్పు చోట మొదలెడుతున్నావేమో. జాజ్ సోలో మన కల్పనస్వరాలకి దగ్గర, పన్నెండు బార్ల (అంటే తాళం కొలతల) చట్రమో ముప్ఫై రెండు బార్ల చట్రమో తిరుగుతుంటే అందులోనే ఆడాలి. అరబ్బుల సోలో, అంటే తక్సీమ్, ఆలాపనకి దగ్గర, తాళం లేకుండా ఒక మఖామ్ తెరిచి, పక్క మఖామ్‌లోకి వెళ్లి, మళ్లీ మొదటిదానికే రావడం. నీ వయొలిన్ దుమ్ము దులిపి ముందు దాని మీద వాయించు. కీబోర్డే కావాలంటే స్కేల్ ట్యూనింగ్ ఆప్షన్ ఉందేమో చూడు, C నుంచి రాస్త్ అయితే E, B మీటలు రెండిటినీ 50 సెంట్లు (పక్కపక్క మీటల మధ్య దూరంలో సగం) దించు, ఎడమ చేత్తో సా, పా తప్ప ఇంకేం పట్టుకోకు. టర్కీ వాళ్లు ఆ గాంధారాన్ని ఇంకాస్త పైన పెడతారు, ఆ గొడవ తర్వాత చూద్దాం.

ప్రశ్న: సూఫీ జాజ్ అని ప్లేలిస్టులు కనిపిస్తున్నాయి. ఇది నిజంగా సూఫీయేనా, పేరు బాగుందని పెట్టేస్తున్నారా?
— ఓ పాఠకురాలు, డాలస్

జవాబు: సగానికి సగం పేరేనమ్మా. సూఫీ అంటే ఒక స్కేల్ కాదు, బీట్ కాదు. జిక్ర్‌లో దేవుడి పేరునే మళ్లీ మళ్లీ అంటూ లయ పెంచుకుంటూ పోతారు, ఖవ్వాలీలో ఎదురుగా ఒకరికి ఒక్క పాదం దగ్గర కళ్లు చెమ్మగిల్లితే గాయకుడు దాన్ని వదలకుండా తిప్పి తిప్పి పాడతాడు, అంటే ఎంతసేపు పాడాలన్నది వినేవాళ్లని బట్టి ఉంటుంది. స్టూడియోలో లూప్ పెట్టి రివర్బ్ కలిపితే అది రాదు. గాయకుడు ధాఫిర్ యూసుఫ్ మాత్రం వేరు, ట్యునీషియాలో ముఅజ్జిన్ (మసీదులో అజాన్ పిలిచే) తాతగారి దగ్గర పెరిగిన గొంతు అది, పై స్థాయికి వెళ్లినప్పుడు మనిషి పాడుతున్నాడా ట్రంపెట్ మోగుతోందా అనిపిస్తుంది. ముందు ఆయన 2018 ఆల్బమ్ విను, అందులో జాకీర్ హుస్సేన్ తబలా ఉంది, మన చెవికి తొందరగా పడుతుంది.