కట్ట ఒకరిది, కోత మరొకరిది

ప్రశ్న: తీరప్రాంతాల్లో స్థానిక సంస్థలు, నీటిపారుదల శాఖ, ఓడరేవు, విపత్తు నిర్వహణ విభాగం ఎవరి పని వారు చేస్తూనే ఉన్నారు. వాతావరణ మార్పు ముప్పును తట్టుకోవాలంటే అందరూ కలిసి పనిచేయాలని నిపుణులు పదేపదే అంటారెందుకు? సమావేశాలు పెరగడం తప్ప ఒరిగేదేమిటి?

జవాబు: సమావేశాలతోనే సరిపెట్టిన సమన్వయాలు లేకపోలేదు కనుక మీ అనుమానాన్ని కొట్టిపారేయలేము. అయితే ఇసుక సంగతి గమనించండి. అలలు ఒడ్డును ఏటవాలుగా తాకే చోట ఇసుక తీరం వెంబడి ఒక దిక్కుగా జరుగుతూ ఉంటుంది. ఒక ఊరి ఒడ్డును నిలపడానికి సముద్రంలోకి గ్రోయిన్ అనే రాతికట్ట కడితే దానికి ఒక పక్క ఇసుక మేట వేస్తుంది. రెండో పక్కకు చేరవలసిన ఇసుక ఆగిపోయి పొరుగు ఊరి ఒడ్డు కోతకు గురవుతుంది. ఆ ఊరూ ఒక కట్ట కట్టుకుంటే కోత మూడో ఊరికి చేరుతుంది. విడివిడిగా చూస్తే ఏ ఇంజనీరు పనిలోనూ లోపం కనిపించదు.

అంకెల దగ్గరా ఇదే చిక్కు. 1901 నుంచి 2018 లోగా ప్రపంచ సగటు సముద్రమట్టం సుమారు 20 సెంటీమీటర్లు పెరిగిందని వాతావరణ మార్పుపై ఐక్యరాజ్యసమితి ఏర్పాటు చేసిన నిపుణుల సంఘం ఐపీసీసీ 2021 నివేదిక చెబుతోంది. ఇకపై ఎంత పెరుగుతుందో రోడ్ల శాఖ ఒక అంకెతో, మురుగునీటి విభాగం మరో అంకెతో లెక్కించుకుంటే, ఎత్తు పెంచిన రోడ్డే అడ్డుకట్టగా మారి వాననీటిని ఇళ్ల వాకిళ్లలో నిలబెడుతుంది. అమెరికాలోని ఆగ్నేయ ఫ్లోరిడాకు చెందిన నాలుగు కౌంటీలు (మన జిల్లాల వంటివి) 2010లో ఒప్పందం చేసుకుని, 2011లో అందరికీ ఒకే అంచనాను ఖరారు చేసి, 2015లోనూ 2019లోనూ దానిని సవరించుకున్నాయి. (అక్కడి సున్నపురాతి నేలలో ఉప్పునీరు అడుగు నుంచే ఊరుతుంది కాబట్టి, గోడ కట్టుకుని నిశ్చింతగా కూర్చునే వీలూ లేదు.)

హెచ్చరికలకు బంగ్లాదేశ్‌ను చూడాలి. 1970 నవంబరు తుపానులో అక్కడ 3 లక్షలకు పైగా మరణించారని అంచనా. ఆ తరువాత ప్రభుత్వమూ రెడ్ క్రెసెంట్ సంస్థా కలిసి తుపాను సన్నద్ధత కార్యక్రమాన్ని నడుపుతున్నాయి. వాతావరణ శాఖ సంకేతం అందగానే ఊళ్లోని వాలంటీర్లు జెండా ఎగరేస్తారు, మెగాఫోను పట్టుకుని ఇంటింటికీ తిరుగుతారు. ప్రమాదం ముదిరేకొద్దీ ఒక జెండా రెండవుతుంది, రెండు మూడవుతాయి. చదువు రానివారికి సైతం అర్థమయ్యే భాష అది.

నా దృష్టిలో అసలు పరీక్ష నిర్వహణలో ఉంది. కరకట్ట ఒక శాఖది, అందులోని తూము మరొక శాఖది, తూములోంచి పారే కాలువ ఊరిది అయినప్పుడు, ఆటు సమయంలో షట్టరు ఎత్తి వాననీటిని వదిలి, పోటు రాకముందే దించవలసింది ఎవరు? తుప్పుపట్టిన షట్టరుకు గ్రీజు ఎవరి పద్దు కింద కొనాలో, అర్ధరాత్రి తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందో రాసుకున్న ఒప్పందమైతే మీరడిగినట్టు ఒరిగేది ఉంటుంది.

ప్రశ్న: మడ అడవులు పెంచితే ఈ తంటా అంతా తప్పదా?

జవాబు: మడచెట్లు అలల ఉధృతిని తగ్గించే మాట నిజమే. కాని అవి ఆటుపోట్లు వచ్చిపోయే బురదనేలలో బతుకుతాయి. పోటునీరు వచ్చే పాయను కరకట్టతో మూసేసిన చోట అటవీ శాఖ ఎన్ని మొక్కలు నాటినా నిలవడం కష్టం. అందుచేత పాయ తెరవడం కుదురుతుందో లేదో నీటిపారుదల శాఖనూ, అక్కడ వల వేసుకునే వారినీ నాటకముందే అడగాలి.