దొంగ జబ్బులు, పటాలం వైద్యులు

సందేహం: అమెరికా స్వాతంత్ర్య యుద్ధం మీద ఒక వ్యాసం అనువదిస్తున్నాను. 1776 సెప్టెంబరులో జార్జ్ వాషింగ్టన్ కాంగ్రెస్‌కు రాసిన ఉత్తరంలో రెజిమెంటల్ సర్జన్ల మీద మండిపడతాడు. దాన్ని ‘రెజిమెంటు శాస్త్రచికిత్సకులు గొప్ప రాస్కెల్స్, సైనికుల కపట ఫిర్యాదులను ప్రోత్సహిస్తున్నారు’ అని రాశాను. సరిపోతుందా?

సమాధానం: ముందు ఆ ‘శా’లో దీర్ఘం తీసెయ్యండి. కోసేది శస్త్రం, బోధించేది శాస్త్రం, రెండిటికీ ధాతువులే వేరు. పేపర్లలో కూడా ఈ తప్పు కనపడుతూనే ఉంది, చూసినప్పుడల్లా బాధేస్తుంది.

అయితే దీర్ఘం తీసేసినా ఇక్కడ ఆ మాట నప్పదు. సర్జన్ అనగానే ఇప్పుడు మనకి ఆపరేషన్ థియేటరే గుర్తొస్తుంది, కానీ ఆనాటి రెజిమెంటు సర్జన్ ఒకరిద్దరు సహాయకులతో జ్వరాలూ, రక్త విరేచనాలూ, మశూచీ అన్నీ చూసేవాడు, కాళ్లూ చేతులూ కొయ్యడం అందులో ఒక భాగం మాత్రమే. ఆ యుద్ధంలో గాయాల కంటే జబ్బులతో పోయినవాళ్లే ఎక్కువ. వైద్యుల్లో ఎక్కువమంది ఇంకో డాక్టరు దగ్గర ఉండి పని నేర్చుకున్నవాళ్లు, ఎందుకంటే అక్కడ మొదటి వైద్య కళాశాల ఫిలడెల్ఫియాలో 1765లోగానీ మొదలవలేదు. అందుకని ‘పటాలం వైద్యుడు’ అనండి. పటాలం మనకి ఎప్పటినుంచో ఉన్న మాటే.

‘ఫిర్యాదు’ మాత్రం అసలు తప్పు. ఇంగ్లీషులో ఉన్న ‘కంప్లయింట్’ అనే మాటకి జబ్బు అనే అర్థం కూడా ఉంది, వాషింగ్టన్ అన్నది అదే. బడి ఎగ్గొట్టడానికి పిల్లాడికి పొద్దున్నే వచ్చే కడుపునొప్పిని మనం ఏమంటాం? దొంగ నొప్పి అంటాం. దొంగ ఏడుపు, దొంగ నిద్ర ఉన్నట్టే ఇదీ దొంగ జబ్బు. ఇంత చక్కటి మాట చేతిలో ఉండగా కపటం దాకా ఎందుకండీ?

ఇక రాస్కెల్. తెలుగులో అది తిట్టే, కానీ తాతలు మనవణ్ణి ముద్దుగా కూడా అలాగే పిలుస్తారు. ఇక్కడ ఆయన మోపుతున్నవి నేరాలు: లంచం పుచ్చుకుని జబ్బుందని సర్టిఫికెట్లు ఇస్తున్నారనీ, మందులూ సామానూ సొంతానికి ఇష్టమొచ్చినట్టు లాగేస్తున్నారనీ. ‘మోసగాళ్లు’ అనాలి. ‘గొప్ప’ వద్దు, అది మెచ్చుకోలులా వినిపిస్తుంది, ‘పరమ’ పెట్టండి.

అన్నిటికంటే ముఖ్యం, ఆయన ‘చాలామంది’ అన్నాడు, మీరు ఆ మాట వదిలేసి అందరినీ కలిపేశారు. అప్పటికి ఈ వైద్యులకీ, సైన్యం ఆసుపత్రుల డైరెక్టర్ జాన్ మోర్గన్‌కీ మందుల దగ్గరే పెద్ద తగాదా నడుస్తోంది, 1777 జనవరిలో కాంగ్రెస్ ఆ మోర్గన్‌నే తీసేసింది. పేచీ ఇలా ఉన్నప్పుడు అందరికీ చెడ్డపేరు అంటగట్టడం న్యాయం కాదు.

నేనైతే ఇలా రాస్తాను: ‘పటాలం వైద్యుల్లో చాలామంది పరమ మోసగాళ్లు. డ్యూటీ తప్పించుకోవడానికి సైనికులు చెప్పే దొంగ జబ్బులకు వంత పాడుతున్నారు.’