బోర్జియాల కథ రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నువ్వు పంపిన మూడు ఎపిసోడ్లూ రాత్రి ఏకబిగిన చదివేశాను. డైలాగులు బాగా పడ్డాయి, మొహమాటానికి అనట్లేదు. నా గొడవంతా పోప్ ఆరో అలెగ్జాండర్ కొడుకు హువాన్ బోర్జియా హత్య దగ్గరే.

చెజారే తన తోడబుట్టినవాణ్ణి స్వయంగా పొడిచేసినట్టు రాశావు. 2011లో వచ్చిన 'ది బోర్జియాస్' సీరియల్ చూసి రాసిందే కదా? నిజానికి ఆ హత్య ఎవరు చేశారో ఇప్పటికీ తేలలేదు. 1497 జూన్ 14 రాత్రి ఇద్దరూ తల్లి ద్రాక్షతోటలో భోంచేసి బయల్దేరారు, దారిలో హువాన్ పనుందని విడిపోయాడు, రెండు రోజులకి రోములోని టైబర్ నదిలోంచి శవాన్ని బయటికి లాగారు. ఒంటి నిండా కత్తిపోట్లు, సంచిలో 30 డుకాట్లు, అంటే బంగారు నాణేలు, మాత్రం అలాగే ఉన్నాయి, అంటే దొంగల పని కాదు. ఇటలీలో పెద్ద కుటుంబాలైన ఓర్సినీల మీద అనుమానం, స్ఫోర్జాల మీద అనుమానం, చెజారే మీద పుకారు ఆ తర్వాతెప్పుడో పుట్టింది.

ఇంకో సంగతి విను. ఆ రాత్రి పడవలో తన కలపకి కాపలా ఉన్న ఒక వ్యాపారి, తెల్లగుర్రం మీద శవాన్ని తెచ్చి నదిలో పడేయడం చూశాడు. మరి అప్పుడే ఎందుకు చెప్పలేదయ్యా అంటే, ఇదే చోట ఓ వంద శవాలు పడేయడం చూశాను, ఏ ఒక్కదాని గురించీ ఎవరూ అడగలేదు అన్నాడట. పోప్ కొలువులో పూజా కార్యక్రమాలు చూసుకునే బుర్కార్డ్ తన డైరీలో రాసుకున్నాడిది. ఇంతకంటే మంచి సీను నువ్వూ నేనూ కలిసి కూర్చున్నా పుట్టించగలమా?

కల్పన వద్దనట్లేదు. ద్రాక్షతోటలో వాళ్ళేం మాట్లాడుకున్నారో ఎవరికీ తెలీదు, అక్కడ నీ ఇష్టం. కానీ వాళ్ళ చెల్లెలు లుక్రెజియా వేలికి విషపు ఉంగరం దేనికి? ఒక్క ఆధారం లేదు. 1501లో ఆరో అలెగ్జాండర్ ఊరెళ్తూ తనకొచ్చే ఉత్తరాలు విప్పి చూసే పని ఈ కూతురికే అప్పజెప్పాడు. పోప్ ఉత్తరాలు చదువుతున్న ఇరవై ఒక్కేళ్ళ అమ్మాయి, చుట్టూ నోళ్ళు వెళ్ళబెట్టిన చర్చి పెద్దలు, కార్డినల్స్! అది రాయి.

ఆ, భోజనంలో టమాటా కూర తీసెయ్. అప్పటికి ఇటలీ వాళ్ళకి టమాటా తెలీదు. నవ్వట్లేదులే, నేనూ ఒకప్పుడు కాకతీయుల వంటింట్లో, అప్పటికి మన దగ్గర లేని ఎండుమిరపకాయలు వేయించినవాణ్ణే.

రెండో ఎపిసోడ్‌ని ఆ కలప వ్యాపారి దగ్గర మొదలుపెట్టి చూడు. హంతకుడి మొహం చూపించకు. మార్చాక పంపు, ఆదివారం ఖాళీగానే ఉంటాను.

అన్న