సమాధానం: లేబుల్ లేని డ్రమ్ములోంచి శాంపిల్‌ను ల్యాబ్‌కు పంపడం

డ్రమ్ములో ఏముందో చెప్పకపోతే కొరియర్ వాళ్లు శాంపిల్ తీసుకోం అంటున్నారని, ల్యాబ్‌కు పంపకపోతే ఏముందో తెలియదని రాశారు. దీనికి దారి ఉంది. ప్రమాదకర సరుకుల రవాణాకు ఐక్యరాజ్యసమితి ఇచ్చిన 'మోడల్ రెగ్యులేషన్స్'లో 2.0.4 విభాగం ఇలాంటి శాంపిళ్ల కోసమే. పరీక్షకు పంపే పదార్థానికి, మీకు తెలిసినంతలో తాత్కాలికంగా క్లాస్ (ఏ రకం ప్రమాదమో చెప్పే వర్గం) ఇవ్వొచ్చు.

సాల్వెంట్ వాసన వస్తోంది, పీహెచ్ పేపర్ ఎర్రబడింది అన్నారు. అంటే మండే గుణం, ఆమ్ల గుణం రెండూ ఉండొచ్చు. నేనైతే యూఎన్ 2924 అనే గుర్తింపు సంఖ్య, అంటే 'ఫ్లేమబుల్ లిక్విడ్, కరోసివ్, ఎన్.ఓ.ఎస్.' (మండే, తినివేసే ద్రవం; ఎన్.ఓ.ఎస్. అంటే విడిగా పేరు లేనిది) ఎంచుకుంటాను. పేరు చివర 'శాంపిల్' అని తప్పక చేర్చాలి. అలా చేర్చితే, ఎన్.ఓ.ఎస్. పేర్లకు మామూలుగా అడిగే రసాయనం పేరు రాయక్కర్లేదు. ప్యాకింగ్ గ్రూప్ (ప్రమాద తీవ్రత స్థాయి) మాత్రం ఆ పేరుకు ఉన్నవాటిలో అత్యంత కఠినమైనదే వేయాలి, ఇక్కడ అది 1. కాంబినేషన్ ప్యాకేజింగ్ (లోపలి పాత్రను బయటి పెట్టెలో పెట్టే ప్యాకింగ్) వాడాలి, ఒక్కో ప్యాకేజీలో నికర బరువు 2.5 కిలోలు దాటకూడదు, వేరే సరుకు కలపకూడదు. క్లాస్ 3 (మండే ద్రవాలు), క్లాస్ 8 (తినివేసే పదార్థాలు) లేబుళ్లు రెండూ అంటించండి.

పేలుడు పదార్థమనో, రేడియోధార్మికమనో, అంటువ్యాధి కారకమనో అనుమానముంటే ఈ వెసులుబాటు వర్తించదు. అందుకే ముందు పాత స్టాక్ రిజిస్టర్లు వెతకండి, అక్కడ పనిచేసినవాళ్లను అడగండి. ఈథర్ లాంటివి ఏళ్ల తరబడి నిలవుంటే పేలిపోగల పెరాక్సైడ్లు ఏర్పడతాయి. మూత దగ్గర స్ఫటికాలు కనిపిస్తే డ్రమ్మును కదపకండి, తెరవకండి, వెంటనే నిపుణులను పిలవండి. దయచేసి మళ్లీ వాసన చూడకండి.

విమానంలో పంపేట్లయితే ప్యాకింగ్, డిక్లరేషన్ పని డేంజరస్ గూడ్స్ శిక్షణ పొందినవాళ్లకే అప్పగించండి.